గాజుల ఊరిలో కన్నులు

గాజుకు, గాజులకు తెలుగులో మాట ఒక్కటే. ఆ రెంటి నడుమ ఎన్ని చేతులు, ఎన్ని కన్నులు శ్రమిస్తాయో ఫిరోజాబాద్ చూసేదాకా నేనెరుగను.

ఆగ్రాకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నదీ పట్టణం. ఇరుకు వీధుల్లో గాజుల దొంతరలు పేర్చిన బండ్లు గలగలమంటూ సాగిపోతుంటాయి. మన ఇళ్లలో ముచ్చటగా మట్టిగాజులని పిలుచుకునే వాటిలో ఎన్నో ఇక్కడ పుట్టినవే.

కార్ఖానాలో అడుగు పెట్టగానే ముఖానికి సెగ కొట్టింది. ఇసుక, సోడా, సున్నపురాయి వేయి డిగ్రీలు దాటిన వేడిలో కరుగుతున్నాయి. ఒక పనివాడు ఇనుపకడ్డీ కొనకు ఎర్రని గాజుముద్దను తీసి, పరుగున మరొకరికి అందిస్తాడు. తిరుగుతున్న బేలన్ మీద అది సన్నని తీగగా చుట్టుకుంటుంది. ఆ చుట్టను నిలువునా కోస్తే విడివిడి గాజులు. కొలిమి నోటిలోకి చూడనిదే ఈ పని సాగదు.

మంట వెలుగు కంటికి కనిపిస్తుంది. దానితో వచ్చే పరారుణ కిరణాలు కనిపించవు. కంటిలోని కటకానికి రక్తనాళాలు లేవు కనుక చేరిన వేడిని అది త్వరగా వదిలించుకోలేదు. ఏళ్ల తరబడి ఇలా కాగిన కటకం క్రమంగా మసకబారుతుంది. గాజు ఊదేవారి శుక్లమని వైద్యులు దీనికి పేరే పెట్టారు. ఇంగ్లండులో 20వ శతాబ్ది తొలి దశకంలోనే దీనిని పరిహారమీయదగిన వృత్తివ్యాధిగా గుర్తించారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కంటికి హాని కలిగించే పనులలో తెరలో, రక్షణ కళ్లద్దాలో ఉండాలని నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. నేను చూసిన కొలిమి దగ్గర అవి ఒక్కరికీ లేవు. “చెమటకు అద్దాలు మసకేస్తాయి, గాజు రంగు తెలియదు” అన్నాడొక వృద్ధుడు. ఆ రంగును బట్టే అతడు వేడిని కనిపెడతాడు.

గాజు పని కార్ఖానాతో ముగియదు. కోసిన గాజుల కొనలు అతకడం ఇళ్లలో జరుగుతుంది. ఒక చీకటి గదిలో తల్లీకూతుళ్లు చిన్న మంట ముందు తలలు వంచి, ఒక్కొక్క గాజునే కాచి అతుకుతున్నారు. “సూదిలో దారం ఇప్పుడు మా పిల్లే ఎక్కిస్తుంది, బెహన్‌జీ” అన్నది తల్లి నవ్వుతూ. ఇల్లు ఫ్యాక్టరీ కాదు. ఆ చట్టం ఈ గుమ్మం దాకా రాలేదు.

తాజ్‌మహల్ పాలరాయిని కాపాడడానికి 1996లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన తరువాత ఇక్కడి కొలుములు బొగ్గును విడిచి సహజవాయువుకు మారాయి. పొగ తగ్గింది. కాని గాజును కరిగించే వేడి తగ్గేది కాదు. రాతి మీద చూపిన శ్రద్ధ కంటి మీద కూడా చూపవలసి ఉన్నది.

తిరుగు ప్రయాణంలో నా చేతి గాజును తిప్పి చూసుకున్నాను. అతుకు ఎక్కడున్నదో కనిపించలేదు. అంత నేర్పుగా అతికిన ఆ కన్నులకు ఒక జత కళ్లద్దాలు, ఆ గదికి కాస్త వెలుగు సమకూర్చడం ఈ దేశానికి భారం కాకూడదు.