కంటితో విన్న భాష

పక్కింటి నాలుగో తరగతి కుర్రాడు సాయంత్రం పూట మా వరండాలో కూర్చుని ఇంగ్లీషు పాఠం పైకి చదువుతుంటాడు. మొన్నటి పాఠంలో ఓడ మునిగిపోయి, ఒక నావికుడు ఈదుకుంటూ పోతున్నాడు. అతను ఒడ్డు చేరే చోట కుర్రాడు ఆగిపోయాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని, చివరికి ధైర్యం చేసి "ఇస్‌లాండ్" అన్నాడు. "ఐలండ్ అనాలి నాన్నా" అన్నాను. వాడు మళ్లీ పుస్తకంలోకి చూసి, ఎస్ మీద వేలుంచి, "మరి ఇదెందుకుంది తాతగారూ?" అన్నాడు.

అడగవలసిన ప్రశ్నే. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఎస్ లేదు. పలుకులోనూ లేదు, రాతలోనూ లేదు. 16వ శతాబ్దంలో చదువుకున్నవాళ్లు దానికీ, ఫ్రెంచి నుంచి వచ్చిన 'ఐల్' అన్న మాటకూ చుట్టరికం ఉందనుకుని, అందులోని ఎస్‌ను తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. నిజానికి ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అప్పు అనే అర్థంలో వాడే 'డెట్'లోని బి కూడా ఇలా వచ్చిందే. అక్కడ మాత్రం లాటిన్ మూలం నిజమైనది. పండితులు తాము లాటిన్ చదివిన ఆనవాలుగా వదిలిపెట్టిన అక్షరాలను, ఇన్ని వందల ఏళ్ల తర్వాత ఒక తెలుగు పిల్లవాడు నమ్మి, నోరారా పలుకుతున్నాడు.

ఆ నమ్మకం వాడికి తెలుగు ఇచ్చింది. మన బడిలో అక్షరం పేరే దాని ధ్వని. 'క'ను క అని పిలుస్తాం, ఏ మాటలో కనబడినా అది క అనే పలుకుతుంది. గుణింతాలూ వత్తులూ వచ్చిన పిల్ల, అర్థం తెలియని పద్యాన్ని కూడా తడుముకోకుండా చదివేస్తుంది. ఇంగ్లీషులో అక్షరానికి పేరొకటి, పని ఒకటి. 'డబ్ల్యూ' అన్న పేరులో వకారమే లేదు. 'వై' వకారంతో మొదలై, మాటలోకి వచ్చేసరికి యకారం అవుతుంది. ఉన్న 26 అక్షరాలే దాదాపు 44 ధ్వనులను పంచుకుని మోయాలి. అక్షరాన్ని నమ్మడం నేర్చుకుని వెళ్లిన పిల్లవాడు, ఆ నమ్మకం చెల్లని చోటికి చేరుతున్నాడన్నమాట. వాడికి ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లల దారి వేరు. వాళ్లకు అక్షరం కనబడే నాటికే మాటలు చెవిలో నిండి ఉంటాయి. చార్లెస్ రీడ్ అనే భాషావేత్త 1971లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. ఇంకా బడికి వెళ్లని అమెరికా పిల్లలు సొంతంగా కట్టుకున్న స్పెల్లింగులను ఆయన చూశాడు. వాళ్లు 'ట్రైన్' అన్న మాటను టి, ఆర్‌లతో కాకుండా సి, హెచ్, ఆర్‌లతో మొదలుపెట్టి రాశారు. వాళ్ల నోట ఆ మొదటి ధ్వని నిజంగానే 'చ'కు దగ్గరగా ఉంటుంది. విన్నది విన్నట్టు రాశారు. మన పిల్లవాడు అలా ఎన్నడూ రాయడు. వాడికి ట్రైన్ అంటే టకారమూ, దాని కింద రవత్తూ. అక్కడి పిల్లవాడికి నోరు సరిగ్గా పలుకుతుంది, చెయ్యి తప్పుతుంది. ఇక్కడి పిల్లవాడికి చెయ్యి సరిగ్గా రాస్తుంది, నోరు తప్పుతుంది. ఒకడు చెవితో మొదలుపెట్టాడు, ఇంకొకడు కంటితో. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ వెలసింది. అయినా చిన్న ఊళ్ల బడుల్లో ఇప్పటికీ ఇంగ్లీషు మాట మొదట నల్లబల్ల మీదే ఎదురవుతుంది.

చెవి సంగతి ఇంకా విచిత్రం. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో పసిపిల్లల వినికిడి మీద ఒక పత్రం ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని త, ట ల తేడాను పట్టుకోగలిగారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు మరుగునపడింది. పుట్టినప్పుడు చెవి లోకంలోని భాషలన్నిటికీ తెరిచి ఉంటుంది; అమ్మ మాట స్థిరపడుతున్నకొద్దీ మిగిలిన తలుపులు ఒక్కొక్కటే దగ్గరపడతాయి. తొలిమాట పుట్టే వేళకే ఇదంతా జరిగిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పెద్దయ్యాక ఇంగ్లీషువాడికి మన త, ట ఒక్కలాగే వినబడితే, మనకు వాళ్ల 'వి', 'డబ్ల్యూ' ఒక్కటే వకారంగా వినబడతాయి. ఒకదానికి పైపళ్లు కింది పెదవిని తాకుతాయి, మరొకదానికి పెదవులు రెండూ గుండ్రమవుతాయి. అద్దం ముందు నిలబడితే కంటికి స్పష్టంగా కనిపించే తేడా, చెవికి అందడానికి ఏళ్లు పడుతుంది.

అయితే మనకు లేవనుకునే ధ్వనులన్నీ నిజంగా లేనివి కావు. 'క్యాట్', 'బ్యాగ్' మాటల్లోని అచ్చు తెలుగులో లేదంటారు. దానికి అక్షరం లేకనే యవత్తుతో సరిపెట్టుకుంటున్నాం. కానీ 'మేక' అని, వెంటనే 'మేకు' అని పైకి అనిచూస్తే రెంటిలోనూ ఉన్నది ఒకే ఏత్వమైనా నోరు ఒక్కలా తెరుచుకోదు. మేకులో దవడ కాస్త మూసుకునే ఉంటుంది, మేకలో కిందికి దిగుతుంది. దిగినప్పుడు వచ్చే అచ్చు, కాస్త దీర్ఘమన్న మాటేగానీ, ఆ 'క్యాట్'లోని అచ్చుకు దగ్గర చుట్టమే. పుట్టినప్పటి నుంచి పలుకుతున్న ధ్వనిని, దానికి వేరే గుర్తు లేని కారణంగా, మనం మనది కాదనుకున్నాం.

అక్షరం ఉన్నచోట కూడా మనం పూర్తిగా దాని మాట వింటున్నామా? 'మధ్యాహ్నం' అని రాసి 'మధ్యాన్నం' అంటాం. 'చిహ్నం' మనలో ఎక్కువమంది నోట 'చిన్హం'. ఋషిలోని తొలి అచ్చు మన వాడుకలో 'రు' అయిపోయి ఎంతకాలమైందో! పలికినట్టే రాస్తాం అన్నది చాలావరకు నిజమే. మిగిలిన కొద్దిలో మనకూ చరిత్ర ఉంది.

ఇంగ్లీషుకు ఆ చరిత్ర మరీ ఎక్కువ. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. స్పెల్లింగులు కుదుటపడుతున్న ఆ కాలంలోనే దీర్ఘాచ్చులన్నీ నోట్లో స్థానాలు మారుతున్నాయి. రాత ఆగింది, నోరు సాగిపోయింది. ఇప్పుడు 'నేమ్' అనే మాటను 1400 ప్రాంతంలో లండనులో దాదాపు 'నామ' అనేవారు. మన 'నామం' దానికి దూరపు బంధువు కూడా. అలాగే 'ఫాదర్', 'కార్డ్' మాటల చివరా మధ్యా మనం స్పష్టంగా పలికే రేఫను దక్షిణ ఇంగ్లండు 18వ శతాబ్దంలో వదిలేయసాగింది. షేక్‌స్పియర్ నాటి నాలుక మీద అది ఉంది. అక్షరాన్ని నమ్మి 'నామే' అని చదివే పిల్లవాడిని తరగతిలో అందరూ నవ్వుతారు. వాడు తప్పింది ఉచ్చారణను కాదు, శతాబ్దాన్ని. ఆ నవ్వు విని నోరు మూసుకుపోయిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు బాగా రాస్తారు, చదివింది అర్థం చేసుకుంటారు, జీవితమంతా నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడరు. మాటను చూపించే ముందు నాలుగుసార్లు వినిపించి ఉంటే అంత నష్టం జరిగేది కాదు.

నిన్న సాయంత్రం కుర్రాడికి పది మాటలు డిక్టేషన్ చెప్పాను. నాలుగోది 'ఐలండ్'. వాడు నా నోటివంక చూసి, నేనన్నట్టే "ఐలండ్" అని ఒకసారి అన్నాడు. తర్వాత పలక మీదికి వంగి, పెదాలు మెదుపుతూ, "ఇస్... లాండ్" అని తనలో తాను చెప్పుకుంటూ రాశాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ఆరోది బుధవారం. పైకి 'వెన్‌జ్‌డే' అని చెప్పాను. నేను మాత్రం ఆ మాట రాయవలసి వచ్చినప్పుడల్లా, యాభై ఏళ్ల కిందట బడిలో నేర్చుకున్నట్టు, మనసులో 'వెడ్-నెస్-డే' అనుకునే రాస్తాను.