పొగగొట్టానికి బిరడా

మా నాన్న లారీ డ్రైవరు. నా పెళ్లిచూపుల్లో ఆ మాట చెప్పడానికి మా అమ్మ మొహమాటపడింది గానీ నాకెన్నడూ నామోషీ అనిపించలేదు. "ఘాట్ ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి అమ్మడూ. బ్రేకును నమ్ముకుని దిగినవాడు ఇల్లు చేరడు" అనేవాడు. ఆ మాట ఇన్నేళ్ల తరువాత అమెరికా కొండల్లో గుర్తుచేసుకోవలసి వస్తుందని కలగన్నానా?

మా అబ్బాయి డెన్వరులో ఉంటాడు. సెకండుహాండులో ఓ పాత డీజిల్ పికప్ కొన్నాడు. ముందు కారు, వెనక తొట్టి అన్నమాట. దానికి గదంత ట్రైలరు తగిలించి, కిందటి వేసవిలో మమ్మల్నందర్నీ కొండల్లోకి బయల్దేరదీశాడు. 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం సుమారు 11,000 అడుగుల ఎత్తున ఉంది. అది దాటి పడమటి వైపు దిగే దారి వందడుగులకు ఏడడుగుల దాకా వాలు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కనే ఎగువకు కంకర దారులు వేసిపెట్టారంటే చూసుకోండి!

సగం దిగేసరికి మాడు వాసన. ముప్ఫయ్యేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డ ముక్కు కదా, ఊరుకుంటుందా?

"ఒరేయ్, ఏదో మాడుతోందిరా!"

"బ్రేకులమ్మా. కాస్త వేడెక్కాయి" అన్నాడు తేలిగ్గా. మెడ మీద మాత్రం చెమట. గేరు తగ్గించినా బండి మాట వినడం లేదు. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది. "జాగ్రత్త నాయనా, మెల్లిగా" అని కిందికి చేరేదాకా జపం చేస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక వాడు ఎగ్జాస్ట్ బ్రేకు తెప్పించాడు. పెట్రోలు బండిలో కాలు తీస్తే ఇంజన్లోకి గాలి వెళ్లే దారి మూసుకుని, ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుందట. డీజిల్‌కు ఆ మూత లేదు, అంచేత వాలులో ఉరుకుతుంది. ఈ ఎగ్జాస్ట్ బ్రేకు పొగగొట్టంలో పెట్టే ఓ చిన్న తలుపు. అది మూసుకుంటే లోపల ఒత్తిడి కడుతుంది, ఆ ఒత్తిడిని నెట్టలేక ఇంజను నెమ్మదిస్తుంది, దాంతో చక్రాలూ నెమ్మదిస్తాయి.

ఇక తగువల్లా అది ఎక్కడ బిగించాలన్నదే. బండి కింద గొట్టం తిన్నగా ఉన్నచోట కోసి పెట్టేస్తే ఒక్కపూట పని అంటాడు మావాడు. పక్కింటి పెద్దాయన రిటైరైన మెకానిక్కు. కష్టమైనా సరే, టర్బో నోటి దగ్గరే బిగించాలంటాడు.

నాకెందుకు గానీ అడిగాను. "ఆ కిందిచోటుకీ టర్బోకీ మధ్య అతుకులెన్నిరా?"

"మూడు."

"కుక్కరు రబ్బరు ఒక్కటి వదులైతేనే పప్పు ఉడకదు. మూడింటికి నువ్వెక్కడ కాపలా కాస్తావు?"

మావాడు ఇంగ్లీషులో చెబితే పెద్దాయన పడిపడి నవ్వాడు. కింద పెట్టినా పనిచేస్తుందట, అతుకులన్నీ గట్టిగా ఉంటే. కాకపోతే మధ్య గొట్టమంతా నిండాలి గనుక పట్టు ఓ క్షణం ఆలస్యం. రాళ్లూ బురదా తగిలే భయం వేరే. టర్బో దగ్గరైతే వేడికి వైర్లు కాలకుండా పక్కకు కట్టాలి. ఇంజను ఊగినా తలుపు మీట దేనికీ తగలకూడదు. ఒత్తిడి హద్దు దాటితే ఇంజను వాల్వులే తెరుచుకుపోతాయి. మంచు పేరుకున్న రోడ్డు మీద దీన్ని ఆపేసుకోవాలి, లేకపోతే చక్రాలు జారతాయి. 2007 తరువాత వచ్చిన కొన్ని పికప్పుల్లో ఈ పని టర్బోయే చేసుకుంటుందట.

చివరికి టర్బో నోటికే బిగించారు. మళ్లీ అదే దారి, అదే ట్రైలరు. మావాడు మీట నొక్కితే బండి గొంతు బొంగురుపోయింది. వాడి కాలు బ్రేకు మీద లేదు. మాడు వాసనా లేదు.

అప్పుడనిపించింది. దారి పొడుగునా తొక్కుతూనే ఉంటే బ్రేకు వేడెక్కి, అవసరానికి పట్టదు. మరి వాడు నడక నేర్చిన నాటినుంచీ నేను తొక్కుతున్న "జాగ్రత్త" మాటో? మా నాన్న నాకు జాగ్రత్త అని ఎన్నడూ చెప్పలేదు. గేరు సంగతి మాత్రం చెప్పాడు.

కిందికి దిగాక మావాడు నా వంక వింతగా చూశాడు. "ఏమ్మా, ఇవాళ ఒక్కసారీ జాగ్రత్త అనలేదే?"

"అవసరానికి ఉంటుందని దాచానురా" అన్నాను.