చలికాలపు యాత్ర, ఇంటి జమాఖర్చు: అదియమాన్‌కోట్టై ఉదాహరణ

ప్రవేశ రుసుము లేని ఊరికి పెద్దగా ఖర్చే ఉండదన్న నమ్మకంతో ఇంటివారు ముందుగా లెక్క వేయకపోవడం వల్ల, చిన్న చారిత్రక గ్రామానికి చేసే కుటుంబ యాత్ర పేరుమోసిన పర్యాటక కేంద్రానికి చేసే యాత్ర కంటే సులభంగా అంచనా దాటిపోతుంది. అటువంటి యాత్రలో డబ్బులో అధిక భాగం ఊరిని చేరడానికి, దగ్గరి పట్టణంలో రాత్రి బసకు పోతుంది. ఏ ఊరి కోసం బయలుదేరారో ఆ ఊరికి దక్కేది చివర మిగిలిన చిల్లర మాత్రమే. పొదుపు చేయవలసిన చోటు తేదీ, ప్రయాణ సాధనం, బస, డబ్బు సమకూర్చుకునే పద్ధతి అనే నాలుగు నిర్ణయాల్లో ఉందని, ఊరి వాటాను మాత్రం ముందే పక్కన పెట్టి ముట్టుకోకుండా ఉంచాలని తమిళనాడులోని అదియమాన్‌కోట్టై యాత్ర లెక్కలు చూపుతాయి.

ధర్మపురి పట్టణం నుంచి సేలం వెళ్లే దారిలో సుమారు 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గ్రామం, ధర్మపురికి పూర్వనామమైన తగడూరును ఏలిన సంగమ కాలపు నాయకుడు అదియమాన్ నెడుమాన్ అంజి పేరును నిలుపుకొన్నది. దీర్ఘాయువునిచ్చే అరుదైన ఉసిరికాయను తాను తినక కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చిన దాతగా తమిళ సాహిత్యం ఇతనిని కీర్తించింది. జంబై గ్రామంలో 1981లో బయటపడిన తమిళ బ్రాహ్మీ శాసనం ఇతని పేరుకు ముందు ‘సతియపుతో’ అన్న వంశనామాన్ని చేర్చడంతో, అశోకుని శాసనాల్లో చోళ, పాండ్యులతో పాటు కనిపించే సతియపుతులెవరన్న చర్చకు బలమైన ఆధారం దొరికింది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని ప్రధాన శిలాశాసనాలు చూసిన తెలుగు పాఠకునికి ఈ ఊరు ఆ విధంగా కొంత పరిచితమే. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి రాజధానిగా పాలించిన నొళంబుల అధికారం కూడా ఒక దశలో తగడూరు వరకు విస్తరించింది. గ్రామంలో నేడు చూడదగినవి ప్రధానంగా మూడు: కాలభైరవ ఆలయం, మహామండపం పైకప్పు మీద పురాణ ఘట్టాల వర్ణచిత్రాలున్న చెన్రాయ పెరుమాళ్ ఆలయం, అదియమాన్, అవ్వైయార్ల స్మారకం. ఈ మూడింటికి ఒక పూట చాలుతుంది కాబట్టి, మిగిలిన సమయం ఎక్కడ గడుపుతారన్నదే ఖర్చు స్వరూపాన్ని నిర్ణయిస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం, అనగా వ్యాసకర్త సొంత కుటుంబం. దంపతులు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు కలిపి ఆరుగురు, రెండు రాత్రుల బస, మొత్తం పరిమితి 20,000 రూపాయలు. ఇంటి ఖర్చుల పుస్తకంలో ఈ యాత్రకు కేటాయించిన పేజీని నిలువు గీతలతో మూడు గళ్లుగా విభజించి, మొదటి గడిలో ముందే చెల్లించవలసినవి, రెండవ గడిలో దారిలో పెరిగేవి తరిగేవి, మూడవ గడిలో ఊరి వాటా రాసుకున్నారు. మొదటి గడిలో ప్రయాణానికి 5,000, రోజుకు 1,800 చొప్పున రెండు గదులకు రెండు రాత్రుల అద్దె 7,200, దానిపై 5 శాతం జీఎస్టీ 360 రూపాయలు చేరాయి. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. రెండవ గడిలో భోజనాలకు 4,000, అనుకోని అవసరాలకు 1,440. మూడవ గడిలో 2,000 రూపాయలు. ప్రయాణం, బస కలిసి 12,560 రూపాయలు, అంటే దాదాపు 63 శాతం కాగా, ఊరి వాటా సరిగ్గా పదో వంతు.

ఈ పదో వంతు ఎంత సులభంగా కరిగిపోతుందో చూడటానికి తేదీ ఒక్కటి మార్చి చూస్తే చాలు. రద్దీ రోజుల్లో గది అద్దె పావు వంతు పెరిగి 2,250 అయిందనుకుంటే, పన్నుతో కలిపి బస ఖర్చు 7,560 నుంచి 9,450 అవుతుంది. అదనంగా పోయిన 1,890 రూపాయలు ఊరి వాటాకు దాదాపు సమానం. చలికాలంలో ఇటువంటి రద్దీ రోజులు తమిళనాడు బడులకు అర్ధసంవత్సర సెలవులుండే డిసెంబరు చివరి వారంలోను, తెలుగునాట సంక్రాంతి, తమిళనాట పొంగల్ ఒకేసారి వచ్చే జనవరి మధ్యలోను ఉంటాయి. పొంగల్‌కు ముందు బెంగళూరు నుంచి ధర్మపురి, సేలం వైపు వెళ్లే వాహనాలు, పండుగ తరువాత తిరుగుదారి వాహనాలు కిక్కిరిసిపోతాయి. వీటికి తోడు, కృష్ణపక్ష అష్టమినాడు కాలభైరవ దర్శనానికి భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. అక్కడ మొక్కుగా దీపం వెలిగించడమే ఉద్దేశమైన కుటుంబం ఆ రద్దీకి సిద్ధపడే వెళ్లాలి. పైకప్పు చిత్రాలను నిదానంగా చూడదలచినవారు అష్టమిని విడిచిపెట్టడం మంచిది. రెండూ కావాలనుకున్నవారు యాత్రను ఒకరోజు పొడిగించవలసి వస్తుంది, ఒకరోజు అంటే మళ్లీ రెండు గదుల అద్దె. ఈ కుటుంబం చిత్రాలకే ప్రాధాన్యమిచ్చి, సంక్రాంతి తరువాత అష్టమి లేని ఒక వారాంతాన్ని ఎంచుకున్నది.

ప్రయాణ సాధనం విషయంలో రైలు, కారు రెండూ అందుబాటులో ఉన్నాయి. హోసూరు మీదుగా సేలం వెళ్లే రైలు మార్గంలో ధర్మపురి స్టేషను ఉండటం వల్ల, అక్కడ దిగి బస్సులోనో ఆటోలోనో గ్రామానికి చేరవచ్చు. తమిళనాడు ప్రభుత్వ సాధారణ టౌన్ బస్సుల్లో 2021 మే నుంచి మహిళలకు ప్రయాణం ఉచితం. కారులో వెళ్లేవారికి 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా ఉంది. జాతీయ రహదారులపై సొంత కార్లకు 2025 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఫాస్టాగ్ వార్షిక పాస్, అప్పటి ధర ప్రకారం 3,000 రూపాయలకు ఏడాది పాటు లేదా 200 సార్లు, ఏది ముందైతే అంతవరకు టోల్‌గేట్లు దాటే వీలు కల్పించింది. పూర్తిగా వాడుకుంటే గేటుకు 15 రూపాయలే పడుతుంది గాని, సగటున గేటుకు 75 రూపాయలు చెల్లించే కుటుంబం ఏడాదిలో 40 సార్లు గేట్లు దాటితేనే పాస్ ఖరీదు తిరిగి వస్తుంది. ఈ ఒక్క యాత్ర కోసం పాస్ కొనడం లాభం కాదని తేల్చుకున్న ఈ కుటుంబం, పెద్దల సౌకర్యాన్ని కూడా దృష్టిలో ఉంచుకొని రైలును ఎంచుకున్నది.

రైలు ఎంపిక మరొక లెక్కను ముందుకు తెచ్చింది. రిజర్వేషను ముందస్తు గడువును రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది కాబట్టి, జనవరి రెండవ సగంలో ప్రయాణించేవారికి డబ్బు నవంబరు రెండవ సగంలోనే చేతిలో ఉండాలి. అందుకే జనవరిలో మొదలుపెట్టి నవంబరుకు చేతికందేలా నెలకు 2,000 చొప్పున పది నెలల రికరింగ్ డిపాజిట్ వేశారు. ప్రతి నెలా ఒకే మొత్తం జమచేస్తూ గడువు తీరాక వడ్డీతో సహా తీసుకునే ఈ పద్ధతిలో, వడ్డీ 6.5 శాతం అనుకుంటే పది నెలలకు సుమారు 600 రూపాయలు కలుస్తాయి. అదే 20,000 రూపాయలను 14 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణంగా తీసుకొని పన్నెండు వాయిదాల్లో తీరిస్తే, నెలకు దాదాపు 1,796 చొప్పున మొత్తం 21,550 రూపాయల వరకు కట్టవలసి వస్తుంది. రాబడి, వడ్డీ భారం కలిపి చూస్తే రెండు పద్ధతుల మధ్య తేడా సుమారు 2,150 రూపాయలు. ఇది ఊరి వాటాను మించినదే.

తెలుగు ఇళ్లలో ఇటువంటి అవసరాలకు చీటీ వేయడం అలవాటు. సభ్యులు నెలనెలా వేసిన సొమ్మును వేలంలో ఎక్కువ తగ్గింపుకు పాడుకున్నవారికి ఇచ్చి, ఆ తగ్గింపును నిర్వాహకుని కమీషను పోగా సభ్యులకు పంచే ఏర్పాటు ఇది. చిట్‌ఫండ్ల చట్టానికి 2019లో చేసిన సవరణ నిర్వాహకుని కమీషను పరిమితిని 5 శాతం నుంచి 7 శాతానికి పెంచింది. తేదీ ఖరారైన ఖర్చుకు చీటీ అంతగా నప్పదు. కావలసిన నెలలోనే పాట దక్కించుకోవాలంటే ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకోవాలి; ఆఖరి దాకా ఆగితే ప్రయాణపు తేదీ దాటిపోతుంది.

ఉద్యోగులకు లభించే సెలవు ప్రయాణ రాయితీ, అనగా ఎల్‌టీఏ మీద పన్ను మినహాయింపును ఈ యాత్రకు వాడుకోవాలా అన్నది మరొక ప్రశ్న. ఈ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే, నాలుగేళ్ల కాలఖండంలో రెండు ప్రయాణాలకే, అదీ రానుపోను ఛార్జీలకే వర్తిస్తుంది. బసకు, భోజనానికి వర్తించదు. ఛార్జీలు తక్కువ, బస ఎక్కువ అయిన దగ్గరి యాత్రకు రెండు అవకాశాల్లో ఒకదాన్ని వెచ్చిస్తే దక్కే పన్ను ఆదా స్వల్పం కాబట్టి, ఈ కుటుంబం దాన్ని దూర ప్రయాణానికి అట్టిపెట్టుకున్నది.

ముందే చెల్లించకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ధర్మపురి నుంచి దాదాపు 46 కిలోమీటర్ల దూరంలోని హొగెనక్కల్ జలపాతం వద్ద పుట్టి ప్రయాణం పిల్లలకు ప్రధాన ఆకర్షణే అయినా, కావేరిలో ప్రవాహం పెరిగినప్పుడు అధికారులు పుట్టులను ఆపివేస్తారు. నీటిని బట్టి మారే అటువంటి ఖర్చును రెండవ గడిలో ఉంచి, నది తీరు తెలిశాకే చెల్లించడం వివేకం.

ఇక మూడవ గడి. కాలభైరవ ఆలయంలో ప్రసిద్ధమైన మొక్కు బూడిద గుమ్మడికాయ దీపం: కాయను అడ్డంగా రెండు చెక్కలుగా కోసి, గింజలు, గుజ్జు తీసివేసి, ఆ గుంటలో నూనె పోసి వత్తి వెలిగిస్తారు. కాయ, నూనె, వత్తి, పూలు, కొబ్బరికాయ, టిఫిను, ఆటో అనే ఈ చిన్న ఖర్చులే యాత్రికుల చేతి నుంచి నేరుగా గ్రామస్థుల చేతికి చేరేవి. వేలల్లో జరిగిన పొరపాటును సరిదిద్దుకోవడానికి యాత్రికులు సాధారణంగా బేరమాడేది ఇక్కడే, ఆదా అయ్యేది మాత్రం పదులలోనే. అందువల్ల ఈ కుటుంబం 2,000 రూపాయలను చిల్లర నోట్లుగా మార్చి విడి కవరులో పెట్టి, బస ఖర్చు పెరిగినా ఆ కవరు తెరవకూడదని నియమం పెట్టుకున్నది.

పరిమితి 20,000 అయినా 50,000 అయినా ఈ క్రమం మారనవసరం లేదు: ముందుగా యాత్ర ఉద్దేశాన్ని, ఆపైన తేదీని, తరువాత రిజర్వేషను తెరుచుకునే రోజును నిర్ణయించుకొని, ఆ రోజు నుంచి వెనక్కి నెలలు లెక్కించి జమ మొదలుపెట్టాలి. గది, బండి లెక్కలు ఇంట్లోనే తేలిపోతే, ఊరిలో గుమ్మడికాయ ధర దగ్గర వాదించవలసిన అవసరం ఉండదు.