హైదరాబాద్ ఎఫ్‌సీ పేర్ల పట్టిక

2019లో కొత్తగా వచ్చిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎవరెవరు ఆడారో చూస్తున్నా. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో తన తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన ఈ జట్టు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై గెలిచి కప్పు ఎత్తింది. మ్యాచ్ 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టినవాడు నైజీరియా ఆటగాడు ఓగ్బెచే.

గొప్ప జట్టే. కానీ ఆ ఫైనల్లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల కాళ్లలో సత్తాకు కొదవ లేదు. పీఈటీ సార్లూ, వారానికి రెండు సాయంత్రాలైనా పిల్లల చేతికి ఫుట్‌బాల్ ఇవ్వండి. తల్లిదండ్రులూ, ఆడనివ్వండి.