ఎడమ పాదం పక్కకి

ఈసారి యాన్యువల్ డే డాన్సుకి మా వాడు పేరివ్వలేదు. ఎనిమిదో తరగతి. కిందటేడు స్టేజీ మీద ఒక స్టెప్పు తప్పాడు, ఆ వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో చక్కర్లు కొట్టింది. పెట్టింది నేనే, పైగా నవ్వే బొమ్మతో. మీ ఫోన్‌లో కూడా అలాంటి వీడియో ఒకటి ఉండే ఉంటుంది.

తరువాత సోషల్‌లో రినైజాన్స్ మీద ప్రాజెక్టు వచ్చింది. అందరూ మోనాలిసా బొమ్మే అతికిస్తారు కదా, వేరే ఏదైనా చూద్దామని ఇద్దరం వెతికితే 1589లో ఫ్రాన్సులో అచ్చయిన 'ఆర్కెసోగ్రఫీ' అనే పుస్తకం దొరికింది. రాసినాయన జెహాన్ తాబురో, లాంగ్ర్ పట్టణంలో చర్చి అధికారి. తన పేరులోని అక్షరాలే అటూ ఇటూ మార్చి త్వానో ఆర్బో అని పెట్టుకున్నారు. అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డారు!

పుస్తకమంతా గురుశిష్యుల సంభాషణ. శిష్యుడు కాప్రియోల్ లా చదువుకున్నాడు, కత్తిసాము వచ్చు, టెన్నిస్ వచ్చు. డాన్సు రాక నలుగురిలో చిన్నబోతున్నానని వస్తాడు. గురువు నవ్వడు, ఓపిగ్గా నేర్పుతాడు. అది చదివేటప్పుడు నేను మా వాడి వంక చూడలేదు.

అందులో పాట స్వరాలు పేజీ పైనుంచి కిందికి నిలువుగా ఉంటాయి. ప్రతి స్వరం పక్కన ఏ పాదం వెయ్యాలో రాసి ఉంటుంది. పవాన్ అంటే జంటలుగా ఊరేగింపులా మెల్లగా నడవడం. గాలియార్డ్‌లో ఆరు లెక్కలకి అయిదు అడుగులు, మధ్యలో ఒక ఎగురు. నేను ఒక్కసారే ఎగిరాను, మోకాలు రెండు రోజులు గుర్తుచేసింది.

మాకు నచ్చింది బ్రాన్‌ల్. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. ఎడమ పాదం పక్కకి, కుడి పాదం దాని దగ్గరికి, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. అంతే, మీరు కూడా ఈ రాత్రే వెయ్యొచ్చు. ముందు వరుస, వెనక వరుస ఉండవు. మా అత్తగారు చూసి, "కర్రల్లేని కోలాటం కదయ్యా ఇది" అన్నారు. ఆవిడ ఊళ్లో కోలాటం వేసేవారట, పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను ఏనాడూ అడగలేదు.

బట్టలు ఉతికేవాళ్ల బ్రాన్‌ల్ అని ఇంకొకటుంది. ఒకరికొకరు వేలు చూపించి మందలించుకుంటారు, తరువాత సీన్ నది ఒడ్డున బట్టలు బాదుతున్నట్టు చప్పట్లు కొడతారు. ఆదివారం సోఫా పక్కకి జరిపి నలుగురం వేశాం. నేను ఎడమకి బదులు కుడికి వెళ్లి మా ఆవిడని గుద్దాను. మందలించే వంతు వచ్చినప్పుడు మా వాడు నాకు వేలు చూపించాడు, లెక్క కంటే కాస్త ఎక్కువసేపే.

ఆ రాత్రి గ్రూపులోంచి పాత వీడియో తీసేశాను. ఎవరి ఫోన్‌లో ఇంకా ఉందో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతున్నాను. యాన్యువల్ డేకి వాడు ఇంకా పేరివ్వలేదు. ప్రాజెక్టు మాత్రం శుక్రవారం ఇవ్వాలి, చప్పట్ల భాగం ఇంకోసారి ప్రాక్టీసు చేద్దాం అంటున్నాడు. కింది ఫ్లాట్ వాళ్లకి ముందే చెప్పాలి.