ట్రాలీ వెనక్కు నడపడం నేర్పే ఊళ్లు

హైదరాబాదుకు ఉత్తరాన రెండు పెద్ద రోడ్లు సాగుతాయి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు పోయే జాతీయ రహదారి. పూర్వం దానిని ఏడో నంబరు రోడ్డు అనేవారు, ఇప్పుడు దాని నంబరు 44. రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి. నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు ఈ రెండింటినీ అడ్డంగా కలుపుతుంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి విడిపోయి ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది.

ఈ దారిన పోయేవారు శామీర్‌పేట చెరువు దగ్గర కాసేపు ఆగుతారు. జింకల పార్కు చూస్తారు. తుర్కపల్లి వైపు మందుల పరిశోధన సంస్థల గోడలు చూసి ఆశ్చర్యపోతారు. ఈసారి అటు వెళ్లినప్పుడు మరొకటి కూడా చూడండి. పొలం గేటు ముందు ఆగి, లోడుతో ఉన్న ట్రాలీని వెనక్కు నడిపే ట్రాక్టరు డ్రైవరును చూడండి. చూడడానికి అది చిన్న పనే. కాని ముందుకు నడపడం వారంలో నేర్చినవాడికి కూడా వెనక్కు నడపడానికి ఒక వేసవి పడుతుంది.

ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడ ఈ విద్య అవసరం ఇంతగా ఉండేది కాదు. ద్రాక్షతోటలు, వరిమడులు, బీడు భూములు విశాలంగా ఉండేవి. కోత అయిన పొలంలో ట్రాక్టరును గుండ్రంగా తిప్పుకొని వచ్చిన దారినే బయటికి వచ్చేవారు. ఇప్పుడు పొలం పక్కన ప్లాట్లు, ప్లాట్ల చుట్టూ ప్రహరీగోడలు, మధ్యలో సన్నటి బాట. లోపల తిరిగే చోటు లేదు. ఎరువు దింపాలన్నా, ధాన్యం ఎక్కించాలన్నా, ఇల్లు కట్టేవారికి ఇసుక పోయాలన్నా బాట మొదట్లోనే ట్రాలీని వెనక్కు మళ్లించి లోపలికి పంపాలి. భూమి ఇరుకైన కొద్దీ వెనక్కు నడిపే నేర్పు విలువ పెరిగింది.

మరి ఇందులో కష్టమేమిటి? ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్య ఉన్న హుక్కు దగ్గర బండి విరిగినట్టు వంగుతుంది. వెనక్కు పోయేటప్పుడు ట్రాక్టరు వెనుకభాగం ఎడమకు జరిగితే ట్రాలీ తోక కుడికి పోతుంది. అంటే మనసు చెప్పినదానికి స్టీరింగు సరిగ్గా ఎదురు తిరుగుతుంది. కొత్తవాడు కంగారుపడి ఇంకా ఎక్కువ తిప్పుతాడు. రెండు క్షణాలలో ట్రాలీ అడ్డం తిరిగి, దాని ముందుకొయ్య ట్రాక్టరు పెద్ద టైరుకు తగులుతుంది.

శామీర్‌పేట వైపు ఒక చెరువు అంచున, ఎండిపోయిన మెత్తటి నేలమీద ఒక పెద్దమనిషి తన తమ్ముని కొడుకుకు నేర్పుతుండగా కొంతసేపు నిలబడి చూశాను. రెండు రాళ్లు గుర్తుగా పెట్టి, వాటి మధ్యకు ఖాళీ ట్రాలీని పంపమన్నాడు. కుర్రవాడు మూడుసార్లు వంకర పోయాడు. పెద్దాయన కోపపడలేదు.

“స్టీరింగు పైన పట్టుకోకు బిడ్డా, కింద పట్టుకో. డబ్బా ఎటు పోవాల్నో నీ చెయ్యి అటు పోనియ్యి” అన్నాడు.

“అట్ల పట్టుకుంటే ఏమైతది పెద్దనాయనా?”

“ఉల్టా లెక్క నీ తలకాయల పెట్టుకునే పని తప్పుతది.”

ఆ ఒక్కమాటలో సగం విద్య ఉంది. స్టీరింగు అడుగున చెయ్యిపెట్టి కుడికి జరిపితే ట్రాలీ కుడికే పోతుంది, ఎడమకు జరిపితే ఎడమకే పోతుంది. మిగతా సగం ఓర్పు. ట్రాలీ మళ్లడం మొదలుపెట్టగానే స్టీరింగును మెల్లగా తిరిగి తెచ్చి, ట్రాక్టరును దాని వెంట నడిపించాలి. ఎక్కువ వంగిపోయిన తర్వాత ఎంత తిప్పినా వెనక్కు పోతూ సరిచేయడం సాధ్యం కాదు. అప్పుడు ఆగి, పది అడుగులు ముందుకు లాగి, బండిని నిటారు చేసుకొని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కుర్రవాడు ముందుకు లాగడం ఓటమి అనుకొని సిగ్గుపడుతున్నాడు. “ముంగటికి తీసుడు తప్పు కాదు, గోడకు గుద్దుడు తప్పు” అన్నాడు పెద్దాయన.

రెండు చక్రాల ట్రాలీకి ఈ లెక్క సరిపోతుంది. పొట్టి ట్రాలీ వెంటనే మళ్లుతుంది కనుక కొత్తవారికి అదే ఎక్కువ కష్టం. పొడుగుది నిదానంగా మళ్లుతుంది, సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. నాలుగు చక్రాల ట్రాలీలో ముందు ఇరుసు కూడా తిరుగుతుంది. అంటే వంగే చోట్లు రెండవుతాయి, లెక్క మళ్లీ తలకిందులవుతుంది. అనుభవం ఉన్న డ్రైవర్లు కూడా లోడుతో దానిని దూరం వెనక్కు నడపడానికి ఇష్టపడరు.

చెరువుల పూడికతీత ఈ ప్రాంతపు యువకులకు మంచి బడి అయింది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణ పల్లెలలో చెరువుమట్టి ట్రాలీలకెత్తి పొలాలకు చేర్చారు. మట్టి బరువు మూడు నాలుగు టన్నులు, గట్టు వాలు, కింద జారే నేల. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. వాలులో బరువు ట్రాక్టరునే తోస్తుంది. అందుకే తక్కువ గేరులో, తక్కువ ఎక్సిలేటరుతో నడపాలి. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. దుక్కి దున్నేటప్పుడు మలుపుకు అది సదుపాయమే. ట్రాలీ తగిలించి రోడ్డెక్కినప్పుడు మాత్రం రెండింటినీ కొక్కెంతో కలపాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి బండి పక్కకు లాగి బోల్తాపడవచ్చు.

మేడ్చల్ వైపు గిడ్డంగుల దగ్గర ఇదే విద్య పెద్ద కొలతలో కనిపిస్తుంది. నలభై అడుగుల కంటెయినరును తలుపుకు ఆనించి నిలిపే డ్రైవర్లు, వీలైనంతవరకు తమ కిటికీ వైపు మలుపే ఎన్నుకుంటారు. అటువైపు తోక కంటికి కనబడుతుంది. ఇక అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు సెలవులకు ఇంటిలాంటి ట్రెయిలరును కారుకు తగిలించుకొని అడవులలోని విడిది స్థలాలకు పోతారు. వారూ ముందుగా ఖాళీ పార్కింగు స్థలంలో గుర్తులు పెట్టుకొని అభ్యాసం చేయవలసిందే. అక్కడి లారీ డ్రైవర్లకు నేర్పే ఒక మాట ఉంది: దిగి చూడు. ఇంగ్లీషులో ఆ మాటల మొదటి అక్షరాలు కలిపితే ‘గోల్’, అనగా గమ్యం అవుతుంది.

దిగి చూడడం అన్న ఆ మాటే మన ఇళ్లలో అందరికన్న ముందుగా వినవలసినది. వెనక్కు వచ్చే ట్రాలీ అడుగున ఏముందో డ్రైవరుకు కనబడదు. ఇంటి ముంగిట ఆడుకునే పసివాడు ట్రాలీ చెక్క ఎత్తుకు కూడా ఉండడు. ఇంజను చప్పుడులో కేక వినబడదు. గోడకు తగిలితే రెండు ఇటుకలు పోతాయి. బిడ్డకు తగిలితే ఆ ఇల్లు ఎప్పటికీ కోలుకోదు.

కాబట్టి రైతు కుటుంబాలవారు కొన్ని నియమాలు పెట్టుకోవడం మంచిది. ట్రాలీ వెనక్కు కదలకముందు పిల్లలందరినీ లెక్కపెట్టి అరుగుమీద కూర్చోబెట్టాలి. దారి చూపేవాడు ఒక్కడే ఉండాలి. పదిమంది “రానీ రానీ” అంటే డ్రైవరు ఎవరి మాట వినాలి? ఆ ఒక్కడు డ్రైవరుకు కనబడేచోట పక్కన నిలబడాలి, ట్రాలీకి గోడకు మధ్య ఎన్నడూ నిలబడరాదు. అతడు కనబడకపోతే వెంటనే బండి ఆపాలి. హుక్కు పిన్నుకు తాళపుచీల ఉన్నదీ లేనిదీ ఒకసారి చేత్తో తడిమి చూడాలి. ట్రాలీ సరుకు కొరకే. పెళ్లికైనా పండుగకైనా అందులో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం, ప్రాణాపాయం కూడా.

మళ్లీ వేసవి వస్తుంది, చెరువు అంచులు ఎండుతాయి. ట్రాక్టరు నేర్చుకుంటున్న కొడుకో, మనవడో మీ ఇంట ఉంటే, ఖాళీ ట్రాలీతో రెండు రాళ్ల మధ్య నాలుగు రోజులు సాధన చేయించండి. తొందరపెట్టకండి, నలుగురిలో నవ్వకండి. దిగి చూసి వచ్చే అలవాటు మొదటి రోజునే నేర్పండి.