ఊకను బట్టి బాయిలరు

మిర్యాలగూడ ప్రాంతమున బియ్యపుమర నడుపువాని అప్పును నిర్ణయించునది, నా అనుభవములో, మరయంత్రముకంటె, మర వెలుపల రేకులకప్పు క్రింద ఊకను మండించుచు ధాన్యము నుడికించుటకును ఆరబెట్టుటకును ఆవిరి నిచ్చు బాయిలరు పరిమాణము. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత, ఎడమకాలువ పారినంత మేర వరి విస్తరించి, ఆ వరిని నమ్ముకొని మిర్యాలగూడలోను, కోదాడలోను మరలు వెలసినవి. యాసంగి ధాన్యము వేసవి తాపమునకు లోలోపల బీటలువారి, పచ్చిగా ఆడించినచో నూకలగును గనుక, దానిని నానబెట్టి ఆవిరిపట్టి ఉప్పుడు బియ్యముగా మార్చు పద్ధతి ఇచ్చట బలపడినది.

సూర్యాపేట నుండి కోదాడకు పోవు త్రోవలో, మునగాల సమీపమున, గంటకు రెండు టన్నుల ధాన్యము నాడించు చిన్న మర మాది. పచ్చిబియ్యముతోనే సాగుచుండిన ఆ మరకు 2025లో బాయిలరు చేర్చ సంకల్పించినప్పుడు, గంటకు మూడు టన్నుల ఆవిరి నిచ్చునది కొనుమని అమ్మకందారు ధరపత్రము పంపెను. మిర్యాలగూడలో నాకంటె పెద్దమర నడుపు మా బావగారు కూడ, “పెద్దది పెడితే ఏం నష్టం బామ్మర్దీ, రేపు మర పెంచుకున్నా అక్కరకొస్తది” అని ప్రేమతోనే చెప్పిరి. ఆయన మాటకు నేను విలువ నిత్తును. అయినను అప్పు నా పేర నుండునది గనుక లెక్క నేనే వేసికొనవలసి యుండెను.

లెక్క ధాన్యముతో మొదలగును. టన్ను ధాన్యములో ఐదవవంతు, అనగా ఇన్నూరు కిలోలు, ఊక. కిలో ఊకకు మూడువేల కిలోకేలరీల వేడిమి యని తక్కువగా పట్టి, అందు మూడవవంతునకు పైగా పొగగొట్టము పాలగునని విడిచిపెట్టినను, టన్ను ధాన్యపు ఊకనుండి మనకు దక్కునది దాదాపు నాలుగు లక్షల కిలోకేలరీలు. ఇక వ్యయము: నానిన ధాన్యములో తేమ నూటికి ముప్పదిరెండు వరకు చేరునేని, దానిని పదునాలుగునకు దింపుటకు టన్ను ఎండు ధాన్యమునకు సుమారు ఇన్నూట అరువది కిలోల నీటిని ఆవిరిగా పోగొట్టవలెను, కిలో నీటికి ఐదువందల నలువది కిలోకేలరీలు చొప్పున, డ్రయ్యరులో సగము వేడిమి వృథా యగునని కలుపుకొనగా రెండులక్షల ఎనుబదివేలు, నానబెట్టు నీళ్లు కాచుటకును, ఆవిరిపట్టుటకును మరియొక లక్ష. ఏ ధాన్యపు ఊక ఆ ధాన్యము నుడికించి ఆరబెట్టుటకు ఇంచుమించుగా సరిపోవు ఈ పొందికను చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. ఆవిరిలోనికి మార్చినచో టన్ను ధాన్యమునకు ఆరువందల యేబది కిలోలకు మించదు. నా రెండు టన్నులకు గంటకు పదమూడువందల కిలోలు. ఒకటిన్నర టన్నుల బాయిలరు చాలును. ఎండకాసిన దినములలో కల్లము కూడ కొంత భారము మోయును.

మూడు టన్నులది కొనియుందునేని, నలుగురున్న ఇంట పెండ్లి గుండిగ పొయ్యి కెక్కించినట్లుండెడిది. సగము బరువుతో నడచు బాయిలరులో అక్కరకు మించిన గాలి చొరబడి వేడిమిని పొగతో వెంటగొనిపోవును. దాని ఇనుమును నీటిని వేడెక్కించుటకే ప్రతి ఉదయము ఎక్కువ ఊక కాలును. తక్కువపడినచో సుబాబుల్ కర్ర కొనవలెను. తక్కువపడకున్నను, మిగిలినచో ఇటుకబట్టీలవారు కొనుక్కొనిపోయెడి ఊక కూడ కాలి, దానికి వచ్చు పైకము చేజారును. అప్పు సంగతి యంతకంటె గట్టిది. రెండు బాయిలర్ల ధరల నడుమ వ్యత్యాసములో ప్రతి లక్షకును, నూటికి రూపాయి వడ్డీ చొప్పున, నెలకు వేయి రూపాయలు; మంట ఆరియున్న నెలలోను అది ఆగదు.

మంట ఆరిపోవు నెలలు మా ప్రాంతమున ఊహామాత్రములు కావు. ఉప్పుడు బియ్యము ఇకమీదట కొనజాలమని కేంద్రము పట్టుపట్టగా, 2021 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆ బియ్యము నీయబోమని వ్రాసి యిచ్చెను. 2024 సెప్టెంబరు తొలిదినముల వరదలో నడిగూడెము మండలమున ఎడమకాలువకే గండిపడెను. కాలువ నీటిమీదను, ప్రభుత్వపు కొనుగోలుమీదను ఆధారపడిన వ్యాపారమున నిండుపంట దినములను చూచి అప్పుచేయుట నాకు సమ్మతము కాలేదు; ఒకటిన్నర టన్నులదే కొంటిని. కోతలు ముమ్మరమై, సూర్యాపేట మార్కెట్టు యార్డులో ధాన్యము గుట్టలు పడు వారములలో నా బాయిలరు చాలదు, నిజమే. అప్పుడు నానబెట్టు ట్యాంకుల వేళలను మార్చి రాత్రియు నడుపుదును, అప్పటికిని మిగిలినదానిని బావగారి మరకు కూలి యిచ్చి పంపుదును. ఆ కూలి కొన్ని వారములదే. వడ్డీ ఏడాది పొడుగునను ఉండునది.

మిగిలిన పైకములో కొంత ఆవిరిగొట్టములకు వేడి పోకుండ తొడుగు చుట్టించుటకును, కొంత పొగతో లేచు బూడిదను పట్టు సైక్లోనునకును వెచ్చించితిని. ఊకలో ఐదవవంతు వరకు బూడిదయే. అది పొరుగువారి బావులమీదను చేలమీదను పడకూడదు. రక్షణ కవాటము, నీటిమట్టపు గాజుగొట్టము, అర్హతాపత్రముగల బాయిలరు పనివాడు — ఈ మూటి విషయమున బేరమాడలేదు, ఎవరును ఆడరాదు. 1923 నాటి బాయిలర్ల చట్టము పోయి 2025లో క్రొత్తది వచ్చినను రిజిస్ట్రేషనును, తనిఖీయును తప్పలేదు.

బాయిలరు కొనదలచిన మరదారులు ధరపత్రములు తెప్పించుకొనుటకు ముందు, ఒక్క నెల తమ ఊకను దినదినము తూచి, ధాన్యపు తేమను మీటరుతో కొలిచి వ్రాసికొని, ఆ కాగితమును చేతబట్టుకొని అమ్మకందారు ఎదుట కూర్చుండవలెనని నా మనవి.